సారక్క పోగు

బొమ్మను ఎంచుకుని, పక్క గడిలో ‘ఎంబెడ్’, అంటే లోపలే పొదుగు అన్నదాన్ని నొక్కి, రజని టీ గ్లాసు అందుకుంది. ఆ గడి మార్చడం మరిచిపోతే బొమ్మ ఆమె కంప్యూటర్‌లో కనబడుతుంది గానీ ప్రోగ్రాం వెంట పోదు. ఊరు దాటాక దాని చోట ఖాళీ చదరం మిగులుతుంది. అందుకే నొక్కాక మళ్లీ ఒకసారి తెరిచి చూసుకుంది. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి తాళం లాగి చూసే అలవాటు ఆమెది. ఇక్కడా అంతే.

ఆఫీసంటే జగిత్యాల గడియారపు టవర్ వెనక సందులో, జిరాక్స్ షాపు మీద ఒక్క గది. రెండు బల్లలు, మూడు కంప్యూటర్లు, గోడ మీద ఒక బల్లి. ఆ బల్లి కూడా ఉద్యోగంలో పాతదే. మూడో కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ లేదు. రజని దాన్ని ‘ఊరి కంప్యూటర్’ అంటుంది. సిరిసిల్ల కార్ఖానాల్లో ఎలాంటివి ఉంటాయో అలాంటిదే కావాలని పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి తెచ్చింది. తాను చేసింది ఏదైనా ముందు దాని మీద బతకాలి, తర్వాతే ఊరు దాటాలి.

నలభై దాటిన మనిషి. సన్నటి జడ, కాడ విరిగితే రాగి తీగ చుట్టిన కళ్లజోడు, కూర్చుని కూర్చుని ముందుకు వంగిన మెడ. పొద్దున కోరుట్ల నుంచి బస్సులో వస్తుంది, సాయంత్రం బస్సులో పోతుంది. పక్క సీటు ఆడవాళ్లు ఏం పని అని అడిగితే ‘కంప్యూటర్ పని’ అంటుంది. జిరాక్సులు తీస్తుందేమో అనుకుంటారు. ఆమె అనుకోనిస్తుంది. భర్త రమేశ్ మస్కట్‌లో నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. ఫోన్‌లో ‘ఇంక గదే పనా?’ అని ఆటపట్టిస్తే, ‘నీది ఇంక గదే ట్యాంకరా?’ అని ఈమె అంటుంది. ఇంటర్ తర్వాత అక్షరాలు కొట్టే పనికి చేరి, అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడు వదిలిపోయిన లావుపాటి పుస్తకం చదివి ప్రోగ్రాంలు రాయడం నేర్చుకుంది. ఆ సంగతి ఆఫీసులో కూడా ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. జీతం దగ్గర ఆమె ఇప్పటికీ ‘ఆపరేటర్’.

ఆమె చేసిన ప్రోగ్రాం పేరు అంచుల పెట్టె. చీర అంచును గళ్ల కాగితం మీద గీసి ఇస్తే, ఎక్కడ ఏ పోగు లేవాలో లెక్క కట్టి సాంచాలకు అర్థమయ్యే వరసలో పెట్టి ఇస్తుంది. సాంచాలంటే సిరిసిల్ల వాళ్ల మరమగ్గాలు. ఆ లెక్కలు కట్టే కోడ్ అంతా ఒక లైబ్రరీ. లైబ్రరీ అంటే పుస్తకాల బీరువా కాదు, ప్రోగ్రాం అవసరం పడ్డప్పుడల్లా పిలిచి పని చేయించుకునే ఫైలు. అంచుల బొమ్మలు, తెలుగు అక్షరాలు, లెక్క తప్పితే మోగే గంట, ఇవన్నీ మొదట్లో ఆ లైబ్రరీ పక్కన వేరే ఫోల్డర్‌లో ఉండేవి. పద్ధతి ప్రకారం అక్కడ ఉన్నా తప్పులేదు. కానీ ఆ పద్ధతి రాసినవాళ్లు సిరిసిల్ల దసరా చూడలేదు.

దసరాకు కార్ఖానాల్లో ఆయుధపూజ. సాంచాలను తుడిచి, నూనె పెట్టి, పసుపు కుంకుమ అద్ది, ఏడాది దుమ్మంతా ఊడ్చి పోస్తారు. కార్ఖానా నడిపే ఆసామి రామస్వామికి శుభ్రం మీద పట్టింపు ఎక్కువ. కొన్నేళ్ల కింద ఆయన కంప్యూటర్‌ను పైన తుడవడంతో ఆగక లోపల కూడా ఊడ్చాడు. ‘బొమ్మలు’ అన్న ఫోల్డర్ కనబడితే మనవలు ఆడుకుంటూ పెట్టిన చెత్త అనుకుని తీసేశాడు. ఊడ్చిన చెత్త ఇంట్లో ఉండకూడదని కంప్యూటర్ చెత్తబుట్టను కూడా ఖాళీ చేశాడు. ఆ తర్వాత దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. పండుగ మర్నాడు అంచుల పెట్టె తెరిస్తే వరసగా తెల్లటి చదరాలు. ఆఫీసు కాపీలో సగం అంచులే ఉన్నాయి. మిగతావి ఆ కార్ఖానాలో పుట్టి ఆ కంప్యూటర్‌లోనే పెరిగినవి.

వాటిని మళ్లీ గీసి ఇచ్చింది సారక్క.

సారక్క ఆ కార్ఖానాలో కండెలు చుట్టే మనిషి. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు మిషన్ మీద నూలు ఎక్కించడం ఆమె పని. నేత పని కాదు, నేసే కులమూ కాదు. గుంటెడు భూమి లేని ఇంట్లో పుట్టి, ఊరివాళ్ల పొలాల్లో నాట్లు వేసి, వానలు పడని ఏడాది సిరిసిల్ల వచ్చి కండెల మిషన్ ముందు కూర్చుంది. ఆదివారం చర్చికి పోతుంది. కండె నిండేదాకా చేతులు ఖాళీ కాబట్టి గళ్ల కాగితం మీద గీయడం పట్టింది. నాటు వేసిన మడి, తునికాకు ఈనెలు, చర్చి కిటికీ అద్దాలు ఆమె చేతిలో అంచులయ్యాయి. ఆ అంచులు వేసిన చీరలు బాగా పోయాయి. బజారులో వాటికి ‘రామస్వామి అంచులు’ అని పేరు వచ్చింది. కండెలు చుట్టే మనిషి గీసిందంటే ఎవరు నమ్ముతారులే అని రామస్వామి కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ దసరా తర్వాత రజని స్కానర్ పట్టుకుని సిరిసిల్ల వెళ్లింది. పోయిన అంచులను సారక్క జ్ఞాపకం మీద గీసి ఇస్తుంటే ఒక్కొక్కటి ఎక్కించింది. ప్రతి కాగితం ఎడమ మూలన రెండు చిలకపచ్చ చుక్కలు ఉన్నాయి. మరకలేమోనని తెర మీద చెరిపేయబోతే సారక్క ఆమె చేతి మీద ఒక్కటి వేసింది.

“గది మరక గాదు. నా పోగు.”

ఆ కార్ఖానాలో ఒక అలవాటుంది. తాను నేసిన ముక్క కొసన ప్రతి మనిషీ తన రంగు పోగు ఒకటి వేస్తాడు. ముక్కలన్నీ కలిసిపోయినా ఇది ఫలానా వాడిదని తెలిసేది దానితోనే. ఒకడిది ఎరుపు, ఇంకొకడిది నీలం. ఒకడి రంగు ఇంకొకడు తాకడు. అయితే నేసేవాళ్లకే పోగు. చుట్టేవాళ్లకు లేదు. సారక్క ఎవరినీ అడగలేదు. ఎవరూ వాడని చిలకపచ్చను తనంతట తానే తీసుకుంది.

“నేసెటోళ్లకు పోగున్నది. సుట్టెటోళ్లకు ఎందుకు లేదే? మాయి చేతులు గావా?” అంది ఆ రోజు.

ఆ మాట రజనికి గట్టిగా తగిలింది. చుక్కలను ఉన్నవి ఉన్నట్టే ఉంచింది. జగిత్యాల వచ్చాక బొమ్మలు, అక్షరాలు, గంట, అన్నీ లైబ్రరీ లోపలికి చేర్చి కట్టేసింది. ఆ లైబ్రరీని తీసుకెళ్లి ప్రోగ్రాం కడుపులో పెట్టింది. ఎవరు ఊడ్చినా పోనట్టు, ఎవరు ఎత్తుకుపోయినా ఏదీ వెనక మిగలనట్టు, అంతా ఒక్కటే ఫైలు. పనికి పోయేవాడి సద్దిమూటలో అన్నంతో పాటు ఉల్లిగడ్డ, ఉప్పు కూడా ఉంటాయి. ఉప్పు కోసం ఎవరూ మళ్లీ ఇంటికి రారు కదా. ఈ ఏడాది ఇంకాస్త ముందుకు పోయి, ప్రతి అంచు కింద గీసిన మనిషి పేరు కనబడేలా రాసింది. బొమ్మా పేరూ ఒకే మూటలో. ఆ కొత్త ప్రోగ్రాం ఇవాళ పూర్తవుతోంది.

ఇప్పుడు చేర్చిన బొమ్మ సారక్క కొత్త అంచు. నిన్న బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపింది. చుట్టిన కాగితానికి చిలకపచ్చ నూలు కట్టి ఉంది. మక్క కంకుల వరస. గీతలు ఎప్పటిలా లేవు, అక్కడక్కడా చెయ్యి వణికింది. రజని ఆ వణుకును సరిచేయలేదు.

ప్రోగ్రాంను కట్టి, ఊరి కంప్యూటర్‌లో వేసి తెరిచింది. మక్క కంకులు వచ్చాయి. మూలన రెండు చుక్కలు వచ్చాయి. కింద పేరు వచ్చింది. రజని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే రంజిత్ మెట్లెక్కి వచ్చాడు. మేనమామ పెట్టిన ఆ ఆఫీసును ఇప్పుడు అతనే నడుపుతున్నాడు. రజని కంటే చాలా చిన్నవాడు.

“అక్కా, పేర్లు తీసినవా? పొద్దుగూకేవరకు కంపెనీకి పంపాలె.”

“తియ్యలే.”

“గట్లంటె ఎట్ల? నిన్ననే చెప్పిన గద. బొమ్మలు వేరే ఫోల్డర్ల పెట్టియ్యమన్నరు, లైబ్రరీ వేరే ఇయ్యమన్నరు. పేర్లు అసలే ఉండద్దన్నరు.”

“ఎందుకుండద్దంట?”

“పేరుంటె రేపు ఎవలో ఒకలచ్చి గీ అంచు నాదంటరు. కంపెనీకి గా లొల్లి ఎందుకు?”

“నాదంటె తప్పేంది? ఆమెదే గద.”

రంజిత్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. అంచుల పెట్టెను కొంటామని హైదరాబాద్ కంపెనీ ఒకటి వచ్చింది. అంచులన్నీ తమ దగ్గర పెట్టుకుని, కావలసినవాళ్లు ఇంటర్నెట్‌లో వచ్చి తీసుకునేలా చేస్తారట. రంజిత్‌కు అక్కడ ఉద్యోగం కూడా ఇస్తామన్నారు. టవర్ వెనక సందులో, ఆ బల్లితో పాటు ముసలివాడు కావడం అతనికి ఇష్టం లేదు. ఆ సంగతి రజనికి తెలుసు, అర్థం కూడా అవుతుంది. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోవాలని ఎక్కడా లేదు.

“నువ్వు చెయ్యకుంటె ఇంకొకలు చేస్తరక్కా. ఎంతసేపు పని?”

“చేస్కోనియ్యి. నా చేత్తోని మాత్రం కాదు.”

“మరి ఇప్పుడేం చేస్తవ్?”

“సిరిసిల్ల పోత. మన దగ్గర కొన్నోళ్లకు కొత్తది ఎక్కిస్తమని మాటిచ్చినం గద. రామస్వామి కాకకు ఇయ్యాల ఎక్కియ్యాలె. పేర్లున్నదే ఎక్కిస్త. నీకు చెప్పే పోతున్న, దొంగతనంగ కాదు.”

రంజిత్ మొహం ఎర్రబడింది. “పోతె గట్లనే పో. మల్ల రాకు.”

అన్నాక అతనికే ఆ మాట నచ్చలేదు. రజని ఒక క్షణం ఆగింది, వెనక్కి తీసుకుంటాడేమోనని. అతను గోడ మీద బల్లి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుంది. టీ గ్లాసు కడిగి తీసుకుంది. నడుం నొప్పికి కుర్చీలో వేసుకునే చిన్న మెత్త తీసుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగం ఒక చేతిసంచిలో పట్టింది. బాధ వేసింది. కానీ బాధ కంటే ముందు కోపం వచ్చింది, అదే మేలు చేసింది. వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

బస్సు కిటకిటలాడుతోంది. కొండగట్టు మలుపు దగ్గర కాషాయం బట్టల స్వాములు దిగిపోయాక కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో సంచి, సంచిలో పెన్‌డ్రైవ్. దాన్ని పోగొట్టుకోకూడదని సారక్క పంపిన చిలకపచ్చ నూలుతో సంచి పిడికి కట్టేసింది. బయట కోతకొచ్చిన వరి, కోసిన పొలాల్లో మేకలు. రేపటి నుంచి ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఇవాళ ఏం చేయాలో మాత్రం బాగా తెలుసు. వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

కార్ఖానా సందులోకి తిరగకముందే చప్పుడు వినబడుతుంది. లోపలికి పోతే మాట్లాడేవాళ్ల పెదాలు చూసి మాట అర్థం చేసుకోవాల్సిందే. పైకప్పు రేకుల నుంచి, తీగల నుంచి, సాలెగూళ్ల నుంచి తెల్లటి దూది వేలాడుతూ ఉంటుంది. కంప్యూటర్ మూలన ప్లాస్టిక్ కవర్ కింద ఉంది. దాని నుదుట దసరా బొట్టు ఇంకా చెదరలేదు. రామస్వామి చెవుల్లోంచి దూది ఉండలు తీసి, భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచి ఆమెను కూర్చోబెట్టాడు.

ఎక్కించి తెరవగానే తునికాకు ఈనెల అంచు వచ్చింది. రామస్వామి వంగి చూశాడు. మొహం మాడిపోయింది.

“ఇదేంది బిడ్డా? నా అంచు కింద సారక్క పేరేంది?”

“ఆమె గీసిందే గద కాకా.”

“గీసింది గీసింది. నూలెవ్వలిది? సాంచా ఎవ్వలిది? ఊరూర తిరిగి అమ్మిందెవ్వలు?”

“అవన్ని నువ్వే. అందుకే నీ పేరు గూడ పెట్టిన. గా కింద సూడు.”

రామస్వామి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ‘గీసినది: సారక్క. కార్ఖానా: రామస్వామి.’ రెండుసార్లు చదువుకున్నాడు.

“సిన్నగున్నది,” అన్నాడు.

“ఆమెది గూడ గంతే ఉన్నది.”

రజని గొంతు పెంచింది. “కంపెనీ తీస్కునేదాంట్ల ఇద్దరి పేర్లుండయ్ కాకా. రేపు నీ కార్ఖానల పుట్టిన అంచును నువ్వే పోయి వాళ్లను అడుక్కోవాలె. గట్ల కావాల్నా?”

రామస్వామి కండెల మిషన్ల వైపు చూశాడు. దసరా మాట రజని ఎత్తలేదు. ఎత్తకపోయినా అది ఇద్దరి మధ్యా నిలబడే ఉంది. ఊడ్చింది తాను, మళ్లీ గీసింది ఆమె. ఆ పనికి సారక్క ఒక్క మాట అనలేదని, అంటే బాగుండేదని ఆయన ఎన్నోసార్లు అనుకున్నాడు.

“ఉండనియ్యి,” అన్నాడు చివరికి, ఎవరి మీదో కోపం వచ్చినట్టు. “పక్క కార్ఖానలకు గూడ ఎక్కియ్యి. నా అంచు మాదని చెప్పుకొని తిరిగెటోళ్లు ఆడ శానమంది ఉన్నరు. సూడనియ్యి.”

సారక్క కిటికీ పక్క మిషన్ ముందు కూర్చుని ఉంది. పోయినసారి కంటే సగమైంది. జబ్బల దగ్గర జాకెట్ వదులైపోయి వేలాడుతోంది. వేళ్ల చివర్లు మాత్రం నున్నగా మెరుస్తున్నాయి, ఏళ్ల తరబడి నూలు జారిన వేళ్లు. ప్రతి ఊపిరికీ డొక్కలు ఎగిసిపడుతున్నాయి. పక్క మిషన్ మీద కూతురు కవిత కండెలు చుడుతోంది.

“పనికి రావద్దని డాక్టర్ చెప్పిండక్కా,” అంది కవిత. “మాట ఇంటుందా?”

“ఇంట్ల పండుకుంటె దగ్గు రాదా? ఈడ అచ్చేదే ఆడ అస్తది,” అంది సారక్క. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని ఆమెను కంప్యూటర్ దగ్గరికి తీసుకొచ్చారు. మక్క కంకుల అంచు తెర మీద పరుచుకుంది. సారక్క మొహం దగ్గరగా పెట్టి చూసింది.

“కింద గా అక్షరాలేంది?”

“నీ పేరవ్వా.”

సారక్క వేలు చాపింది. ఆ వేలు పేరు దగ్గర ఆగలేదు. ఎడమ మూలకు పోయి చిలకపచ్చ చుక్కల మీద ఆగింది.

“ఆఁ, ఉన్నది. పోగున్నది.” తర్వాత పేరు వైపు తిరిగింది. “రామస్వామి సూసిండా?”

“సూసిండు.”

“ఏమన్నడు?”

“సిన్నగున్నదన్నడు.”

సారక్క నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వింది. కవిత నీళ్లు తాగించింది. ఆ ముసలి మొహంలో అంత గెలుపు రజని ఎన్నడూ చూడలేదు. ఆఫీసులో జరిగిందంతా చెప్పాలనిపించి చెప్పింది. పని వదిలేసి వచ్చానంది.

సారక్క పాపమనలేదు. తెర వైపు చూసి, “మరి నీదేది?” అని అడిగింది.

“నాదేందవ్వా?”

“గీ పెట్టె చేసింది నువ్వు గద. నీ పేరేది? నీ పోగేది?”

రజని తెర వైపు చూసింది. పైన ఆఫీసు పేరుంది. అదీ రంజిత్ మేనమామ పెట్టిన పేరు. ఇన్నేళ్లు అందులో ప్రతి గడీ తానే కట్టింది, ఎక్కడా తన పేరు పెట్టాలని తోచనే లేదు. సిగ్గేసింది.

“నాదెందుకులే అవ్వా,” అంది.

“ఎందుకులే ఏంది?” సారక్క గొంతు లేచింది. “అందరి పోగులు కాపాడుతందుకు లొల్లి పెట్టుకొని అచ్చినవ్. నీ పోగు నువ్వు ఏస్కోకపోతె ఎవలేస్తరే? నాకెవ్వలన్న ఏసిండ్రా? నేనే ఏస్కున్న. ఏ రంగు గావాలె నీకు?”

ఆ ప్రశ్న రజనిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చీర కొనేటప్పుడు కూడా మాయనిది చూసుకుంటుందే తప్ప, ఇష్టమైనది చూసుకోదు.

“నేరేడు రంగు,” అంది.

సారక్క కార్ఖానా అంతా కలియజూసింది, ఒక్కొక్క సాంచా దగ్గర ఒక్కొక్క మనిషిని గుర్తు చేసుకుంటూ.

“నేరేడు ఈడ ఎవ్వలకు లేదు. ఇగ నీదే.”

అప్పటికే పక్క కార్ఖానా మనిషొకడు పెన్‌డ్రైవ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రజని సంచి భుజాన వేసుకుని అతని వెంట బయలుదేరింది. ఒక చోట ఎక్కించి లేచేసరికి ఇంకో చోటి నుంచి పిలుపు. సందు చివరి కార్ఖానాకు పోతే, అక్కడ అంచుల పెట్టె అప్పుడే తెరిచి ఉంది. ఎవరెక్కించారంటే ఎదురింటివాళ్ల దగ్గర తెచ్చుకున్నామన్నారు. ఒకడు కొంటే వీధంతా పెన్‌డ్రైవ్‌లలో ఎత్తుకుపోవడం అక్కడి పద్ధతి. రంజిత్ ఇన్నేళ్లూ ఆ పద్ధతిని తిట్టిపోశాడు, రజని కూడా కలిసి తిట్టింది. ఇవాళ మాత్రం ఆమె గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకుంది. ఒక్క ఫైలు. ఎవరు ఎత్తుకున్నా పేర్లతో సహా ఎత్తుకోవాల్సిందే. సారక్క పేరు ఆమె కంటే ముందే వీధులు దాటి పోతోంది. ఇక దాన్ని ఏరి తీసేయడం ఏ కంపెనీ వల్లా కాదు.

ఎండ తగ్గుతుండగా రంజిత్ ఫోన్ చేశాడు.

“అక్కా, ఎన్ని కార్ఖానలకు ఎక్కిచ్చినవ్?”

“నేను ఎక్కిచ్చింది కొన్నే. మిగిలినయి వాళ్లే ఎక్కిచ్చుకుంటున్నరు.”

“రేపు కంపెనీ సారుకు ఏం చెప్పాలె?”

“గీసినోళ్ల పేర్లు సిరిసిల్ల అంత ఉన్నయని చెప్పు. గట్ల కావాల్నంటె తీస్కొమ్మను, లేకుంటె లేదు.”

రంజిత్ చిన్న గొంతుతో, “అన్నం తిన్నవా అక్కా?” అన్నాడు.

తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా సంచిలోనే ఉంది. సారక్క పక్కన కూర్చుని తిందామని రామస్వామి కార్ఖానా వైపు నడిచింది. సందు మలుపు తిరిగాక ఏదో తేడాగా అనిపించింది. చప్పుడు ఎప్పుడూ ఉన్నంత లేదు. రెండు వైపులా ఉన్న కార్ఖానాలు మోగుతూనే ఉన్నాయి. మధ్యలో రామస్వామిది ఒక్కటే మూగబోయింది. రజని పరుగెత్తింది.

సారక్క తన మిషన్ పక్కనే గోడకు ఒరిగి ఉంది. కాళ్లు చాపుకుని, పని మధ్యలో నడుం వాల్చినట్టే ఉంది. కవిత తల్లి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేసేవాళ్లంతా సాంచాలు ఆపి చుట్టూ నిలబడ్డారు.

“చాయ్ తెచ్చెటందుకు పోయిన అక్కా,” అంది కవిత. “అచ్చేవరకు కండ్లు మూసుకొని ఉన్నది. నిద్ర పోయిందనుకున్న. చాయ్ ఆడ పెట్టి పిలిసిన.”

టీ గ్లాసు నేల మీద అలాగే ఉంది, పైన మీగడ కట్టింది. రజని కవిత పక్కన కూలబడింది. ఏడుపు ఆపుకోవాలని చూడలేదు.

రామస్వామి గుమ్మం దగ్గర ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అవతల బట్ట కొనే సేటు ఏదో అరుస్తున్నాడు. సాంచాల చప్పుడు లేకపోవడంతో రామస్వామి ప్రతి మాటా అందరికీ వినబడింది.

“సాంచాలు నడువయ్. ఇయ్యాల నడువయ్, రేపు గూడ నడువయ్... ఎవలు పోతె ఏందంటవా? సారక్క పోయింది. కండెలు సుట్టే మనిషని తీసేసినట్టు మాట్లాడకు. నువ్వు కొన్న అంచులన్ని ఆమె గీసినయే. నేను గీసినయి గాదు. ఇన్నావా? ఆమె గీసినయి. నీ మాల్ ఇంకో దగ్గర తీస్కో పో.”

ఫోన్ పెట్టేసి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఎర్ర పోగు మనిషి, నీలం పోగు మనిషి, పసుపు పోగు మనిషి, అందరూ ఆ మాట విన్నారు. రజని కూడా విన్నది. సారక్క ఒక్కతే వినలేదు.

కవిత కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నువ్వు పోయినంక ఊకె కూసోలే. రంగుల మూటలన్ని ఇప్పిచ్చింది. గా నూలే కావాల్నని ఎతికిచ్చి ఎతికిచ్చి, దొరికినంక మిషన్‌కు ఎక్కిచ్చింది. ఇంకెవ్వలను తాకనియ్యలే.”

రజని తలెత్తి చూసింది. మిషన్ మీద సగం చుట్టిన కండె ఉంది, నేరేడు రంగుది, నూలు కొస ఇంకా తెగకుండా.